‘ఈ అక్షరాలతో ఎన్ని పదాలు?’ అనే చిన్న ప్రశ్న ఎందుకు తేలదు

మా అన్న కూతురు డిగ్రీ పూర్తిచేసి బ్యాంకు పరీక్షలకు చదువుతోంది. తిరుపతి బైరాగిపట్టెడలో మా ఇంట్లోనే ఉంటుంది. మొన్నొక ఆదివారం కోచింగ్‌లో మోడల్ టెస్ట్ రాసి వచ్చి, చెప్పులు కూడా విడవకుండా ప్రశ్నపత్రం నా చేతిలో పెట్టింది.

“అత్తా, నువ్వే చూడు. నేను మూడు అని పెట్టినా. కీలో రెండే అంటా ఉండారు. పావు మార్కు కూడా కోసేసినారు.”

మన ఊళ్లో తయారైన పేపరు కాబట్టి ప్రశ్నలో ఊరి పేరే ఇచ్చారు. తిరుపతి పేరును ఇంగ్లీషులో రాస్తే ఎనిమిది అక్షరాలు: టి, ఐ, ఆర్, యు, పి, ఏ, టి, ఐ. వీటిలో 1, 3, 5, 6 స్థానాల్లోని అక్షరాలను ఒక్కొక్కటి ఒకేసారి వాడి, అర్థమున్న ఇంగ్లీషు పదాలు ఎన్ని చేయగలం? ఏదీ లేదు, ఒకటి, రెండు, మూడు, మూడుకంటే ఎక్కువ... ఇవీ ఆప్షన్లు.

చేతికి వచ్చే అక్షరాలు టి, ఆర్, పి, ఏ. కీ ప్రకారం జవాబు రెండు: వల అనే అర్థమున్న ట్రాప్, భాగం అనే అర్థమున్న పార్ట్. మా పిల్ల మూడోది కూడా కనిపెట్టింది. మైమరచిపోయి అనే అర్థంలో వాడే రాప్ట్. ఇద్దరిలో ఎవరిది తప్పు అని ఆ సాయంత్రమంతా కూర్చుని లెక్క తీశాం. అసలు జవాబు ఇద్దరి దగ్గరా లేదు.

ఇలాంటి ప్రశ్నలు రీజనింగ్ పేపర్లలో తరచుగా వస్తాయి. ఫోన్‌లో ఆడే మాటల ఆటల్లోనూ ఇదే పని. పిల్లలు మాత్రం తమకు ఇంగ్లీషు రాదని బాధపడతారు. ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లూ ఇక్కడ తడబడతారు. కారణం, ప్రశ్నలోనే రెండు ముడులున్నాయి. అక్షరాలు ‘ఉన్న’ మాట అంటే ఏమిటన్నది ఒకటి. ‘మాట’ అంటే ఎవరి లెక్కలో మాట అన్నది రెండోది.

‘ఉన్న’ అంటే నాలుగు రకాలు

ఏ, ఆర్, టి అనే మూడు అక్షరాలు తీసుకుందాం. ‘ఈ అక్షరాలున్న మాట చెప్పు’ అని అడిగితే నాలుగు వేర్వేరు ప్రశ్నలు అడిగినట్టు.

ఒకటి: ఆ మూడూ ఎక్కడో ఒకచోట ఉంటే చాలు, వరసతో పనిలేదు, వేరే అక్షరాలున్నా పరవాలేదు. అప్పుడు వాటర్, ట్రెయిన్, స్టార్ అన్నీ సరిపోతాయి. రెండు: ఆ మూడూ అదే వరసలో పక్కపక్కనే ఉండాలి. అప్పుడు వాటర్ పోతుంది. పార్టీ ఉంటుంది, హార్ట్ ఉంటుంది, భూమి అనే అర్థమున్న ఎర్త్ కూడా ఉంటుంది. ఎర్త్ దగ్గర చాలామంది ఆగిపోతారు, ఎందుకంటే చెవికి అందులో ‘ఆర్ట్’ వినపడదు. ఇ, ఏ, ఆర్, టి, హెచ్ అని రాసి చూస్తే తప్ప కంటికి ఆనదు. మూడు: వరస అదే, మధ్యలో వేరే అక్షరాలు దూరవచ్చు. ఏ, ఎల్, ఇ, ఆర్, టి అని రాసే అలర్ట్ ఈ లెక్కలోకి వస్తుంది. నాలుగు: ఆ మూడు అక్షరాలు తప్ప ఇంకేమీ ఉండకూడదు, వరస మన ఇష్టం. అప్పుడు మిగిలేవి ఆర్ట్, ర్యాట్, టార్.

బ్యాంకు పరీక్షలో అడిగేది నాలుగో రకం. స్క్రాబుల్ ఆటలో చేతిలో ఏడు బిళ్లలు పెట్టుకుని వెతికేది కూడా దాదాపు అదే, కాకపోతే అన్నీ వాడి తీరాలన్న నియమం లేదు, బోర్డు మీద అప్పటికే ఉన్న అక్షరంతో కలుపుకోవాలి. దాచిన ఐదక్షరాల మాటను ఊహించే వర్డ్‌ల్ ఆటలో పసుపు రంగు వస్తే అక్షరం ఉంది కానీ చోటు అది కాదని, ఆకుపచ్చ వస్తే చోటు కూడా అదేనని అర్థం. అంటే అక్కడ మొదటి రకం ప్రశ్నకు స్థానం లెక్క కూడా తోడవుతుంది. మనసులో ఒక రకం ప్రశ్న పెట్టుకుని ఇంకో రకానికి జవాబు వెతుకుతుంటే ఎంతసేపైనా దొరకదు.

ఇరవై నాలుగు వరసలు, పన్నెండు, చివరికి ఐదు

మళ్లీ టి, ఆర్, పి, ఏ దగ్గరికి వద్దాం. నాలుగు వేర్వేరు అక్షరాలను పేర్చే పద్ధతులు 24. మొదటి చోటికి నాలుగు అవకాశాలు, రెండో చోటికి మూడు, తర్వాత రెండు, చివరికి ఒకటి. నాలుగు మూళ్ల పన్నెండు, పన్నెండు రెళ్ల ఇరవై నాలుగు. ప్రిలిమ్స్‌లో రీజనింగ్‌కు 20 నిమిషాల్లో 35 ప్రశ్నలంటే, ఒక్కోదానికి సగటున 34 సెకన్లు. ఇరవై నాలుగూ రాస్తూ కూర్చుంటే టైమ్ అయిపోతుంది.

అందుకే ముందు అచ్చును కూర్చోబెట్టాలి. ఇక్కడున్న అచ్చు ఒక్కటే, ఏ. అది మొదట్లో ఉంటే వెనకాల మూడు హల్లులు వరసగా రావాలి. చివర్లో ఉంటే ముందు మూడు హల్లులు రావాలి. టి, ఆర్, పి ఎలా పేర్చినా ఆ మూడింటిని కలిపి మొదట్లో ఇంగ్లీషు పలకదు. చివర్లో ఆర్-పి-టి వరస ఎక్సర్ప్ట్ లాంటి అరుదైన మాటలో ఉంది కానీ, ఏ-ఆర్-పి-టి అనే మాట మాత్రం లేదు. ఇరవై నాలుగులో సగం ఇక్కడే పోయాయి.

ఇక ఏ రెండో చోట ఉంటే చివర్లో రెండు హల్లులు మిగులుతాయి. ఆర్-పితో ముగిసే మాటలు ఇంగ్లీషులో ఉన్నాయి, హార్ప్ లాగా. పి-టితో ముగిసేవి ఉన్నాయి, కెప్ట్ లాగా. ఆర్-టితో ముగిసేవి చాలానే ఉన్నాయి. పి-ఆర్, టి-పి, టి-ఆర్ జంటలతో మాట ముగియదు. కాబట్టి ఈ ఆరింటిలో మూడే నిలుస్తాయి: టార్ప్, రాప్ట్, పార్ట్. ఏ మూడో చోట ఉంటే మొదట్లో రెండు హల్లులు ఉంటాయి. టి-ఆర్ కుదురుతుంది, పి-ఆర్ కుదురుతుంది, మిగతావి పలకడానికి కుదరవు. అక్కడ రెండు నిలుస్తాయి: ట్రాప్, ప్రాట్.

మొత్తం ఐదు. విశేషమేమిటంటే, ఇలా వడగట్టగా మిగిలిన ఐదూ నిఘంటువుల్లో ఉన్న మాటలే. టార్ప్ అంటే మరేదో కాదు, మామిడికాయల లారీ మీద కప్పే టార్పాలిన్‌కు పొట్టి పేరు. ప్రాట్ అంటే బ్రిటన్‌లో తెలివితక్కువవాడిని తిట్టే మాట. అంటే ఆ ప్రశ్నకు సరైన ఆప్షన్ ‘మూడుకంటే ఎక్కువ’. మా పిల్ల మూడు అన్నందుకు పావు మార్కు పోవడం సబబే, కానీ రెండు అన్న కీ కూడా అంతే తప్పు.

‘మాట’ అంటే ఎవరి లెక్కలో మాట?

అంత తేలిగ్గా కీని తప్పుపట్టవచ్చా అని మా పక్కింటి రిటైర్డ్ మాస్టారు అడిగారు. ఆయన వాదన ఇదీ: ప్రశ్నలో ‘అర్థమున్న పదాలు’ అన్నారు కానీ, ‘డిక్షనరీలో ఉన్న ప్రతి పదం’ అనలేదు. పరీక్ష పెట్టేవాడికి కావలసింది త్వరగా ఆలోచించడం. ప్రాట్ అనే తిట్టు తెలిసినవాడు మంచి బ్యాంకు క్లర్కు అవుతాడా? అందరికీ తెలిసిన మాటలనే లెక్కపెట్టాలని రాసేవాడికీ, దిద్దేవాడికీ మధ్య ఒక ఒప్పందం ఉంటుంది.

ఈ వాదనలో బలం ఉంది. వర్డ్‌ల్‌ను తయారుచేసిన జోష్ వార్డిల్ కూడా ఇదే దారి పట్టారు. 2021లో ఆయన దాన్ని జనం ముందు పెట్టినప్పుడు, ఆటగాడు టైప్ చేస్తే ఒప్పుకునే ఐదక్షరాల మాటలు దాదాపు 13 వేలు. కానీ ‘జవాబు’గా వచ్చేవి సుమారు 2,300 మాత్రమే, చాలామందికి తెలిసిన మాటలు. ఒప్పుకోవడానికి పెద్ద జాబితా, అడగడానికి చిన్న జాబితా. 2022 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ ఆ ఆటను కొనుక్కుంది.

కానీ పరీక్షకు వచ్చేసరికి నాకు పిల్లల వైపు వాదనే గట్టిగా కనిపిస్తుంది. ‘అందరికీ తెలిసిన’ అంటే ఎవరికి? చదువుకునే ఊరు, చదివిన పుస్తకం బట్టి ఆ గీత జరుగుతుంది. రాప్ట్ అనే మాట కథల పుస్తకాలు చదివే పిల్లకు మామూలు మాట. ఎక్కువ చదివినందుకే మార్కు పోతే ఆ పిల్లకు ఏం చెప్పాలి? జాబితా ఏదో ముందే చెబితే ఈ గొడవ ఉండదు. స్క్రాబుల్ పోటీల్లో చేసేది అదే.

అక్కడ కూడా జాబితా ఒకటే కాదన్నది వేరే సంగతి. ఉత్తర అమెరికాలో ఒక జాబితా, బ్రిటన్‌తో పాటు చాలా దేశాల్లో కాలిన్స్ అనే నిఘంటువు సంస్థ జాబితా నడుస్తాయి. అమెరికా జాబితాలో రెండక్షరాల మాటలు 107. కాలిన్స్‌లో అంతకంటే ఎక్కువ. హిమాలయాల్లో పెంచే ఒక రకం పశువు పేరైన జో, అంటే జెడ్-ఓ, కాలిన్స్‌లో చెల్లుతుంది, అమెరికాలో చెల్లదు. పిజ్జాను కుదించి అనే జా, అంటే జెడ్-ఏ, రెండు చోట్లా చెల్లుతుంది. మనం రోజుకు వందసార్లు అనే ఓకే ఉంది చూడండి, ఓ-కె అనే ఆ రెండక్షరాల మాటను అమెరికా జాబితా 2018లో, కాలిన్స్ 2019లో చేర్చుకున్నాయి. అంతకు ముందు రోజు దాకా అది ‘మాట’ కాదు, మర్నాటి నుంచి మాట!

చిన్న మాటలు ఎందుకంత తక్కువ?

ఇరవై ఆరు అక్షరాలతో రెండేసి చొప్పున పేరిస్తే 676 జంటలు వస్తాయి. మూడేసి పేరిస్తే 17,576. ఇన్నింటిలో అమెరికా జాబితాలో మాటలైనవి రెండక్షరాలవి 107, మూడక్షరాలవి వెయ్యి పైచిలుకు. మిగతావి ఎందుకు మాటలు కాలేదంటే ఇంగ్లీషు పలుకుబడి కొంత, దాని రాత అలవాట్లు కొంత. నాకు బాగా ఇష్టమైన భాగం ఈ రెండోదే.

ఇంగ్లీషులో వస్తువునో పనినో చెప్పే బరువైన మాట కనీసం మూడక్షరాలుండాలన్న ఒక పాత అలవాటుంది. లోపల అనే అర్థమున్న ‘ఇన్’కు రెండు అక్షరాలు చాలు, సత్రం అనే అర్థమున్న ‘ఇన్’కు మాత్రం ఎన్ రెండుసార్లు రాయాలి. ‘ఉండు’ అనే బీ రెండక్షరాలు, తేనెటీగ అయిన బీ మూడు. ఎగ్‌లో జి, యాడ్‌లో డి, ఆడ్‌లో డి రెండేసి సార్లు ఎందుకొస్తాయో దీంతో అర్థమవుతుంది. గో, ఆక్స్ లాంటి మినహాయింపులు లేకపోలేదు. మన దగ్గర ‘రా’, ‘పో’, ‘తే’ అని ఒక్క అక్షరంతోనే పనులు చెప్పేస్తాం కాబట్టి ఈ పట్టింపు మనకు వింతగా ఉంటుంది.

వి అనే అక్షరం సంగతి ఇంకా వింత. రెండు స్క్రాబుల్ జాబితాల్లోనూ వి ఉన్న రెండక్షరాల మాట ఒక్కటీ లేదు. పాతకాలంలో ఇంగ్లీషు రాతలో యు, వి వేర్వేరు అక్షరాలు కావు, ఒకే అక్షరానికి రెండు రూపాలు. మాట చివర అది వస్తే యు అనుకోవాలో వి అనుకోవాలో తెలియదు. అందుకని వెనకాల ఒక ఇ చేర్చేవాళ్లు. అవసరం పోయినా అలవాటు మిగిలింది. హ్యావ్, గివ్, లవ్ అన్నింటి చివరా పలకని ఇ ఉండేది ఇందుకే. వితో మాట ముగించాలంటే రెవ్ లాంటి అరుదైన వాటి కోసం వెతుక్కోవాలి.

జె కూడా ఇంగ్లీషు సొంత మాటల చివర రాదు. మరి జెతో ముగిసే మూడక్షరాల మాట కావాలంటే? మన వైపు చూడాలి. రాజ్, తాజ్ రెండూ స్క్రాబుల్‌లో చెల్లే మాటలే. క్యూ వెనకాల యు ఉండాలన్నది లాటిన్ నుంచి వచ్చిన పద్ధతి. ఆ పద్ధతి తప్పిన క్యూ మాటలు దాదాపు అన్నీ బయటి భాషలవి. చైనా వాళ్లు ప్రాణశక్తిని పిలిచే చీ అనే మాటను క్యూ-ఐ అని రాస్తారు. క్యూ ఉన్న రెండక్షరాల మాట అదొక్కటే. అరబ్బుల బజారు పేరు సూక్‌ను ఎస్-యు-క్యూ అని కూడా రాస్తారు. కష్టమైన అక్షరం చేతిలో పడితే ఇంగ్లీషు కాకుండా మిగతా ప్రపంచాన్ని గుర్తుచేసుకోవడమే మేలు. మన దోసె, ఇడ్లీ కూడా కాలిన్స్‌లో చేరిపోయాయి.

అక్షరాలను లెక్కపెట్టినవాళ్లు

ఏ అక్షరం ఎంత తరచుగా వస్తుందో తెలిస్తే వెతకడం తేలిక. ఇంగ్లీషు రాతలో ప్రతి వంద అక్షరాల్లో ఇంచుమించు పన్నెండు ఇ. దాని తర్వాత టి, ఏ. క్యూ, జెడ్ వెయ్యికి ఒకటి, అంతకంటే తక్కువ. అమెరికా ఆర్కిటెక్ట్ ఆల్‌ఫ్రెడ్ బట్స్ 1930ల మాంద్యంలో, పత్రికల్లోని అక్షరాలు లెక్కపెట్టి స్క్రాబుల్‌కు రూపమిచ్చాడు. అందుకే వంద బిళ్లల్లో ఇ పన్నెండు, క్యూ ఒక్కటి, జెడ్ ఒక్కటి. ఇ విలువ ఒక పాయింటు, క్యూ, జెడ్‌ల విలువ పదేసి. అంతకు వందేళ్ల ముందే మోర్స్ కోడ్‌లోనూ ఇదే ఆలోచన ఉంది: ఇ అంటే ఒక చుక్క, టి అంటే ఒక గీత.

యంత్రం ఎలా వెతుకుతుంది?

మా పిల్ల ‘కంప్యూటర్ ఇరవై నాలుగూ ప్రయత్నిస్తుందా?’ అని అడిగింది. అక్కర్లేదు. తెలివైన పద్ధతి ఇంకోటుంది. జాబితాలోని ప్రతి మాటకూ ముందుగానే ఒక టోకెన్ కట్టి పెడతారు. ఆ మాటలోని అక్షరాలను వర్ణమాల వరసలో పేర్చడమే ఆ టోకెన్. ట్రాప్‌కు వచ్చే టోకెన్ ఏ-పి-ఆర్-టి. పార్ట్‌కూ అదే. రాప్ట్, టార్ప్, ప్రాట్‌లకూ అదే. అలిపిరి దగ్గర లగేజీ కౌంటర్లో ఒకే టోకెన్ మీద ఒక కుటుంబం సంచులన్నీ ఇచ్చినట్టు, ఏ-పి-ఆర్-టి అని అడగ్గానే ఐదూ ఒకేసారి బయటికొస్తాయి. వెతుకులాటే లేదు. ఎనిమిది అక్షరాల మాటలకు పేర్చే వరసలు 40,320 దాకా ఉండవచ్చు, అయినా టోకెన్ మాత్రం ఒక్కటే.

తెలుగు కంటికి ఇది ఎందుకు కష్టం?

పైన నేను ట్రాప్, పార్ట్ అని తెలుగులో రాశాను. రెండింట్లో ఉన్నవి అవే నాలుగు అక్షరాలని ఆ రాత చూస్తే ఎవరికైనా తోస్తుందా? తోచదు. ‘ట్రా’ మనకు ఒకే అక్షరం. టి, ఆర్, ఏ మూడూ అందులో కలిసిపోయాయి. తెలుగు అక్షరం అంటే ఒక పలుకు ముద్ద: హల్లు, దాని ఒత్తు, దాని గుణింతం అన్నీ కలిసి ఒకటి. ఇంగ్లీషు అక్షరం ఆ ముద్దను విడగొట్టిన ముక్క.

‘చిత్తూరు’ తీసుకోండి. పత్రికలో గళ్ళనుడికట్టు నింపితే మూడు గళ్లు: చి, త్తూ, రు. అదే మాటను ఫోన్ లోపల యూనికోడ్‌లో దాచేటప్పుడు చ, గుడి, త, పొల్లు, త, కొమ్ముదీర్ఘం, ర, కొమ్ము అని ఎనిమిది ముక్కలు. ఇంగ్లీషులోనూ ఎనిమిదే అక్షరాలు. ‘తిరుపతి’కి నాలుగు గళ్లు, యూనికోడ్‌లో ఏడు, ఇంగ్లీషులో ఎనిమిది. ‘తిరుపతిలో ఎన్ని అక్షరాలు’ అంటే మూడు జవాబులూ సరైనవే.

తెలుగులో అక్షరాల తారుమారు మనకు కొత్తేమీ కాదు. ‘కడప’ను తిరగేస్తే ‘పడక’. ‘నవల’ను కదిపితే ‘వలన’. కానీ ‘గాలి’లోంచి ఉత్త ‘ల’ను పీకలేం, అది ‘లి’గా గట్టిపడి ఉంది. పలుకును ముద్దగా చూసే అలవాటు ఉన్నవాళ్లం ఇంగ్లీషు పజిల్‌లో చెవిని నమ్ముకుంటే దెబ్బ తింటాం. అక్కడ కంటినే నమ్ముకోవాలి, కాగితం మీద ముక్కలు ముక్కలుగా రాసుకోవాలి. మా పిల్లకు ఆ సాయంత్రం నుంచి అదే అలవాటు చేశాను: ముందు అచ్చులు, తర్వాత చివర జంట, తర్వాత మొదటి జంట.

చిత్తూరు ప్రశ్న

అదే పేపర్లో తర్వాతి ప్రశ్న చిత్తూరు మీద. సి, హెచ్, ఐ, టి, టి, ఓ, ఓ, ఆర్. ఇందులో 1, 3, 6, 8 స్థానాల అక్షరాలతో ఎన్ని పదాలు? అంటే సి, ఐ, ఓ, ఆర్. మా పిల్ల ‘ఏదీ లేదు’ అని పెట్టింది. కీలో ‘ఒకటి’ అని ఉంది. ఈసారి కీ చెప్పిందే నిజం.

ఇద్దరం కాగితం తీసుకున్నాం. అచ్చులు రెండు, ఐ, ఓ. పక్కపక్కన పెడితే ఓ-ఐ. ముందు సి పెడితే సి-ఓ-ఐ. కాయిన్, కాయిల్ వందసార్లు రాసిన చెయ్యి, చివర ఆర్ పెట్టగానే ఆగిపోయింది. “ఇట్లాంటి మాట ఉందా అత్తా?” అంది.

గుమ్మం ముందు వేసిన పీచు పట్టా చూపించాను. కాయిర్. కొబ్బరి పీచు. ఇంగ్లీషువాళ్లు మలయాళంలో తాడుకున్న పేరు విని తీసుకెళ్లిన మాట.

వసారాలో వక్కాకు నములుతూ మా అమ్మ ఇదంతా వింటోంది. పుట్టిల్లు చిత్తూరు అవతల, తమిళం మాట్లాడే ఊరు. “దానికేమే అంతసేపు? కయిరు! బాయి కాడ నీళ్లు చేదే కయిరు” అంది.

మా పిల్ల ప్రశ్నపత్రం మీద ఆ ప్రశ్న పక్కన పెన్సిల్‌తో తెలుగులోనే రాసుకుంది, కయిరు అని.